ముప్పై రెండా, నలభై మూడా

సెప్టెంబర్ 4, 2025. గురువారం

ఆఫీసులో అడుగు పెట్టానో లేదో ఫోన్లు మొదలయ్యాయి. రాత్రి ఢిల్లీలో జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్ ముగిసింది. 12, 28 శాతం శ్లాబులు ఎత్తేశారు, ఇరవై రెండో తారీకు నుంచి కొత్త రేట్లు. మా దగ్గరున్న స్టాకు సంగతేమిటని అమీర్‌పేట వ్యాపారులంతా మా సార్ ప్రాణం తోడేస్తున్నారు. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు నెత్తి మీద ఉండగా ఇదొకటి.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతుంటే మా ఆయన ఫోన్. "చూశావా, టీవీలు పది శాతం తగ్గుతున్నాయట. మనం తొందరపడకపోవడమే మంచిదైంది."

పొద్దస్తమానం చేసే పని ఇదే కాబట్టి ఇంట్లో వాళ్లకైనా సరిగ్గా చెప్పాలి కదా. మొదటి సంగతి, పది శాతం కాదు. వంద రూపాయల సరుకు ఇప్పుడు పన్నుతో 128, ఇరవై రెండు నుంచి 118. 128 మీద పది రూపాయలంటే 7.8 శాతం. రెండోది ఇంకా ముఖ్యం. తగ్గేది 32 ఇంచుల పైన ఉన్న టీవీలకే. 32, అంతకన్నా చిన్నవి 2019 జనవరి 1 నాటికే 18లో ఉన్నాయి. మన హాలుకు కావలసింది ఆ సైజే. వాటికి ఒక్క పైసా తగ్గదు.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నలభై మూడే తీసుకుందాం" అన్నాడు. తగ్గింపు ఉందని పెద్దది కొనడం! మా క్లయింట్లలో కూడా ఇదే ఆలోచన రోజూ చూస్తుంటాను.

సెప్టెంబర్ 5. శుక్రవారం

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. ధరంకరం రోడ్డు వెనక సందులో చిన్న షాపు అతనిది. వినాయక చవితి నుంచి మా టీవీకి మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. అత్తమ్మ సీరియళ్లన్నీ వినే గడుపుతోంది. "ఇప్పుడు ఏడ్సేది ఎవరే?" అని వంటింట్లో ఉన్న నన్ను అడుగుతుంది. ఏడుపును బట్టి నేను పోల్చుకుని చెప్పాలి.

టీవీ ఆన్ చేసి, హాల్లో లైటు ఆర్పమన్నాడు. ఫోన్ టార్చి వెలిగించి తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకున్నాడు. వెలుగు పడిన అరచేయంత మేర కార్తీకదీపం వంటలక్క ముఖం మసక మసగ్గా కనిపించింది. టార్చి జరిపితే ఆమె భుజం, ఇంకాస్త జరిపితే వెనక తలుపు. అత్తమ్మ మంచం దిగి వచ్చి మరీ చూసింది.

"బొమ్మ ఉంది మేడమ్. లైటే పోయింది."

ఈ తెరలు సొంతంగా వెలగవట. వెనకాల ఎల్‌ఈడీల పట్టీలు వెలుతురిస్తే, ముందున్న అద్దం ఆ వెలుతురుని ఎక్కడ ఆపాలో ఎక్కడ వదలాలో చూసుకుంటుంది. పట్టీల్లో ఎల్‌ఈడీలు పెళ్లింటి సీరియల్ బల్బుల్లాగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఒక్కటి మాడితే వరుసంతా ఆరిపోతుంది. మాది 2014 మోడల్. ఆ పట్టీలు ఇప్పుడు దొరకవు, వేరేవి కత్తిరించి అతికిస్తాను కానీ అద్దం విప్పేటప్పుడు పగిలితే నా పూచీ కాదన్నాడు. అద్దం ఎంత మందమని అడిగితే వేలిగోరు చూపించాడు. చూసిన కూలి రెండొందలు తీసుకుని, "కొత్తది కొనుక్కోండి మేడమ్, నేను చెప్తున్నా కదా" అని వెళ్లాడు. రిపేరు చేసేవాడే కొత్తది కొనమంటే ఇంక ఎవరితో వాదిస్తాం?

సెప్టెంబర్ 8. సోమవారం

నిన్న రాత్రి గ్రహణం. ఇవాళ్టి నుంచి పితృపక్షాలు. అత్తమ్మ తీర్పు ఇచ్చేసింది: "పెత్రమాస దాటేదాంక ఇంట్లకు కొత్త వస్తువు రావొద్దు."

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, ఇరవై ఒకటిన. కొత్త రేట్లు ఇరవై రెండున. పంచాంగం, జీఎస్టీ కౌన్సిల్ కూడబలుక్కున్నట్టుంది. అప్పటిదాకా చూడ్డమే, కొనడం లేదు. నాకూ అదే మేలు, పదిహేనో తారీకు దాకా ఎలాగూ తీరిక లేదు.

రాత్రి టేపు పట్టుకుని కొలిచాను. ద్వారకాపురి కాలనీలో మేముండే అపార్ట్‌మెంట్ తొంభైల నాటిది. హాలు గోడలో అప్పట్లోనే టీవీకి గూడు కట్టారు, చుట్టూ చెక్క షోకేసు. వెడల్పు 76 సెంటీమీటర్లు, ఎత్తు 60, లోతు 55. ఇరవై ఒక్క ఇంచుల డబ్బా టీవీ కొలత ప్రకారం కట్టిన గూడు. టీవీ ముఖం కన్నా వీపు పెద్దగా ఉండే రోజులు కదా. ఇప్పుడు ఆ లోతంతా సెట్‌టాప్ బాక్సుకూ, వైర్ల ముళ్లకూ, పాత కరెంటు బిల్లులకూ.

32 ఇంచులు అనేది మూలకు మూల కొలత. తెర వెడల్పు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. అంచులు కలిపినా గూట్లో పడుతుంది. నలభై మూడైతే వెడల్పే 95. గోడకు బిగిద్దామంటే మేకు కొట్టరాదని ఇల్లుగలాయన అగ్రిమెంటులోనే రాయించాడు. గూడు ముందు బల్ల వేద్దామంటాడు మా ఆయన. బల్ల వేసి చూశాం. బాల్కనీ తలుపు సగమే తెరుచుకుంది. సన్నగా ఉన్నాను కాబట్టి దూరాను. బట్టల బకెట్టు దూరలేదు.

సోఫా నుంచి గూటికి ఏడడుగులు. అత్తమ్మ దివాన్ మాత్రం పక్క గోడ వెంట ఉంటుంది. అంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ టీవీ చూసే మనిషి ఎప్పుడూ ఓరగానే చూస్తుంది. ఈ ముక్క డైరీలో గీత గీసి పెట్టుకోవాలి.

సెప్టెంబర్ 13. శనివారం

ఆఫీసు నుంచి నేరుగా అమీర్‌పేట. మైత్రీవనం వైపు కోచింగ్ పిల్లల రద్దీ ఎప్పటిలాగే ఉంది, కానీ మెట్రో స్టేషన్ దగ్గరున్న పెద్ద షోరూములో మాత్రం అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు. సగం మంది పక్షాలని ఆగారు, సగం మంది ఇరవై రెండు కోసం ఆగారు. సేల్స్ కుర్రాడు ఎంత విసిగిపోయాడంటే, "అప్పుడే రండి మేడమ్" అని వాడే అన్నాడు.

లోపలికి వెళ్లగానే ఎదురయ్యేది 55, 65. వాటి వెనక 43. ముప్పై రెండులు ఎక్కడా అంటే చివరికి, వాషింగ్ మెషీన్ల పక్కన కింది అరలోకి తీసుకెళ్లాడు. వంగి చూడాలి. వంగినవాళ్లు నడుం పట్టుకుని లేచి నలభై మూడు దగ్గరికే వెళ్తారని వాళ్ల లెక్క కాబోలు.

అన్నిట్లోనూ ఒకటే వీడియో: రామచిలకలు, పళ్ల రసాలు, కారే తేనె. రంగులు కళ్లు పొడిచేస్తున్నాయి. అది వివిడ్ మోడ్. షోరూము ట్యూబులైట్ల వెలుగులో నిలబడాలి కాబట్టి వెలుతురు, రంగు అన్నీ చివరిదాకా పెంచి పెడతారు. ఇంట్లో అలా పెడితే పదినిమిషాల్లో తలనొప్పి. స్టాండర్డో, సినిమానో పెట్టి చూపించమంటే వాడికి మెనూ దొరకలేదు. బిల్లింగ్ కౌంటర్లో ఉన్న అమ్మాయి వచ్చి రెండు నొక్కుల్లో పెట్టింది.

పెన్‌డ్రైవ్‌లో మాయాబజార్ తీసుకెళ్లాను, 1957 నాటి నలుపు తెలుపుది, 2010లో వచ్చిన రంగులది కాదు. కారణం ఉంది. రామచిలక ఏ పచ్చలో ఉన్నా మన కంటికి తప్పు తెలీదు. తెలుపు, బూడిద మాత్రం దాచలేవు. ఒక టీవీలో సావిత్రి ముఖం నీలంగా వచ్చింది. ఇంకోదాంట్లో పసరు తిరిగింది. మూడోదాంట్లో మాత్రం తెలుపు తెల్లగా ఉంది, నీడల్లో జుట్టు విడివిడిగా కనిపించింది. ధరలో అది మధ్యది.

పాత సినిమా కాబట్టి ఇరుపక్కలా నల్లటి ఖాళీ వస్తుంది. కుర్రాడు అది లోపమనుకున్నాడో ఏమో, రిమోట్ నొక్కి బొమ్మను తెర నిండా సాగదీశాడు. ఎస్వీ రంగారావుకు ఆ సాయం అక్కర్లేదు. వద్దు నాయనా, ఉన్నట్టే ఉంచమన్నాను.

తర్వాత పక్కకు జరిగి, దివాన్ ఉండే చోటు లెక్కేసుకుని నిలబడ్డాను. ఇందాక నచ్చిన మూడోది పక్కనుంచి వెలిసిపోయింది, నలుపంతా బూడిదైంది. నీలం ముఖం చూపించినది మాత్రం పక్కనుంచీ అలాగే ఉంది. రాత్రి వీడియో కాల్‌లో మా వాడు బెంగళూరు నుంచి విడమరిచి చెప్పాడు. ఎదురుగా చూస్తే చిక్కటి నలుపు ఇచ్చేవి వీఏ ప్యానళ్లు, ఎటునుంచి చూసినా రంగు మారనివి ఐపీఎస్ ప్యానళ్లు. "నువ్వు నానమ్మ కోసం కొంటున్నావా, నీకోసమా?" అన్నాడు. వాడి లెక్కలో అది పెద్ద ప్రశ్న. నా లెక్కలో ఎప్పుడో తేలిపోయింది. నీలాన్ని సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు, దివాన్‌ని జరపలేం.

షోరూములో కేబుల్ పెట్టి చూపించమంటే కనెక్షన్ లేదన్నారు. ఒక స్టేషన్ దూరం నడుచుకుంటూ పంజాగుట్ట వచ్చాను. సర్కిల్ దాటాక ఒక చిన్న దుకాణం ఉంది. యజమానే కౌంటర్లో కూర్చుంటాడు, తను చూసుకోవడానికి సెట్‌టాప్ బాక్సు పెట్టుకున్నాడు. అడగ్గానే అదే వైరు ముందు 32కి, తర్వాత 43కి పెట్టి మాటీవీ చూపించాడు. నిజం అక్కడ బయటపడింది. మేం కట్టే ప్యాకులో వచ్చేది మామూలు ఎస్‌డీ ఛానల్, అందులో నిలువున ఉండేది 576 గీతలే. 43 ఇంచుల ఫోర్‌కే తెరకు 83 లక్షల చుక్కలు. లేనివన్నీ టీవీ ఊహించుకుని నింపాలి. అందరి కనుబొమ్మలూ కాటుక చెరిగినట్టున్నాయి. 32లో చుక్కలు పదిన్నర లక్షలు. అందులో అదే సీరియల్ శుభ్రంగా ఉంది.

ఫుల్ హెచ్‌డీ 32 కూడా ఒకటుంది, ఇరవై లక్షల పైన చుక్కలు. ఏడడుగులు వెనక్కి వెళ్లి రెంటినీ మార్చి మార్చి చూశాను. తెర మీది అక్షరాల అంచుల్లో తప్ప తేడా పట్టలేకపోయాను. మా వాడు ఒప్పుకోడు. వాడు చూసేది లాప్‌టాప్‌లో.

సెప్టెంబర్ 16. మంగళవారం

రిటర్నుల గడువు నిన్నటితో అయిపోవాల్సింది, రాత్రి ఒక్క రోజు పెంచారు. ఆ ఒక్క రోజూ ఇవాళ. ఇంటికి చేరేసరికి పది దాటింది. మొన్న ఆదివారం పాకిస్తాన్ మ్యాచ్ మా ఆయన ఫోన్‌లో చూశాడు, కళ్లు మండుతున్నాయని ఇప్పటికీ చెప్తున్నాడు. 43 వాదనకు అది కూడా వాడుకుంటున్నాడు.

సెప్టెంబర్ 18. గురువారం

పై అంతస్తు పెద్దాయన మెట్ల దగ్గర కనిపించి టీవీ కొన్నారా అని అడిగారు. ఆయన ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారు. ఒక్క ప్రశ్నకు ముప్పావుగంట నిలబెట్టారు కానీ, వినదగ్గ మాటలే.

ఈసీఐఎల్ 1967లో ఎ.ఎస్.రావు గారు పెట్టించినది. ఇప్పుడు ఎ.ఎస్.రావు నగర్ అని బస్సు ఎక్కేవాళ్లలో ఎందరికి ఆయన తెలుసో. అణుశక్తి శాఖ సంస్థ అయినా ఒకప్పుడు దాని ఈసీ టీవీ దేశమంతా ఇళ్లలో మోగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు కార్యక్రమాలు. ఆ పల్లెల్లో పెట్టిన సెట్లు ఈసీఐఎల్‌వి. పైన కోళ్లగూడు తీగ వలతో అల్లిన పది అడుగుల గొడుగు. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలవడానికి అప్పటికి ఇంకా రెండేళ్లుంది. అంటే నగరం కన్నా ముందు పల్లె టీవీ చూసింది.

ఇంట్లోకి వచ్చి చెప్తే అత్తమ్మ అస్సలు ఆశ్చర్యపోలేదు. "మా ఊరి బడికాడ పెట్టిన్రు కదా. నా పెండ్లయిన కొత్తల. పొద్దుగూకినంక అందరం పోయి కింద కూసునేటోళ్లం." వాళ్లది మెదక్ జిల్లా. ఏం చూపించేవాళ్లని అడిగితే, "ఎవుసం, పిల్లలకు సూదులు. ఎవలు ఇన్నరు! గా డబ్బ పక్కన నిలబడి మాటలు ఏడికెల్లి వస్తున్నయా అని సూసేటోళ్లం" అంది. పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. అడిగిందెవరు?

సెప్టెంబర్ 21. ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు బియ్యం ఇవ్వడం, మధ్యాహ్నం గునుగు, తంగేడు పేర్చడం, సాయంత్రం కాలనీలో ఆట. ఐదింటికి ప్రధాని టీవీలో మాట్లాడాడట, రేపట్నుంచి జీఎస్టీ 'బచత్ ఉత్సవ్' అని. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఇద్దరు ఫ్రిజ్‌ల రేట్లు మాట్లాడుకున్నారు. ఫ్రిజ్ ఎప్పట్నుంచో 18లోనే ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. పండగపూట ఎందుకు?

సెప్టెంబర్ 24. బుధవారం

కొన్నాం.

ముందు మా ఆయన సంతృప్తి కోసం మళ్లీ ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. గుమ్మంలో బెలూన్లు, అన్ని టీవీలపైనా జీఎస్టీ తగ్గింపు అని నిలువెత్తు బోర్డు. 32 మీద కూడా కొట్టేసిన పాత ధర, దాని కింద కొత్త ధర. దీనిమీద ఇంతకుముందు పన్నెంత అని అడిగాను. కుర్రాడు ఫ్లోర్ మేనేజర్‌ని పిలుస్తానని వెళ్లి తిరిగి రాలేదు. పాపం, వాడికి బోర్డు ఇచ్చారు, లెక్క ఇవ్వలేదు.

పంజాగుట్ట చిన్న దుకాణంలోనే తీసుకున్నాం. 13,806 రూపాయలు. సరుకు విలువ 11,700, రాష్ట్రానికి తొమ్మిది శాతం 1,053, కేంద్రానికి ఇంకో 1,053. మూడేళ్ల అదనపు వారంటీ వద్దన్నాను. స్మార్ట్ సంగతులు ఎక్కువ ఉన్నది తీసుకోమన్నాడు యజమాని, అదీ వద్దన్నాను. తెర పదేళ్లు నడుస్తుంది, లోపలి యాప్‌లు నాలుగేళ్లకు మొరాయిస్తాయి. కావాలంటే అప్పుడు వెనకాల ఒక స్టిక్ పెట్టుకోవచ్చు. నేను అడిగింది ఒకటే: ఆన్ చేయగానే సినిమాల బొమ్మలూ ప్రకటనలూ కాకుండా నేరుగా సెట్‌టాప్ బాక్సు రావాలి. సెట్టింగుల్లో వెతికి, పెట్టి చూపించాడు.

ఆటోలో పెట్టె నిలువుగానే పట్టుకున్నాం, పడుకోబెడితే అద్దానికి ప్రమాదమట. దాని వెనక చిన్న అక్షరాలు చదువుతూ వచ్చాను. తయారీ చిరునామా ఫ్యాబ్‌సిటీ, రావిర్యాల, మహేశ్వరం మండలం, రంగారెడ్డి జిల్లా. పై అంతస్తు పెద్దాయనకు చూపిస్తే కళ్లజోడు పైకి తోసి చదివి, "బిగించేది ఇక్కడే. అద్దం చైనాది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు హక్కుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు కాళ్ల స్క్రూలు నాలుగూ బిగించి, గూగుల్ అకౌంటు చెప్పమన్నాడు. బేసిక్ టీవీ అని ఒక దారి ఉంటుంది, అది నొక్కమన్నాను. అత్తమ్మకు ఛానళ్లు నంబర్లతోనే తెలుసు. కొత్త రిమోట్ మీద నంబర్లే లేవు. పాత సెట్‌టాప్ రిమోట్ ఆమె చేతికి ఇచ్చి, కొత్తదాన్ని ఆన్ చేయడానికీ ఆపడానికీ మాత్రమే ఉంచాం. దివాన్ మీద కూర్చుని చూసింది. "మంచిగనే ఉంది. ఈమె చీర ఆకుపచ్చదా! నేను నల్లదనుకున్న ఇన్నేండ్లు" అంది.

సెప్టెంబర్ 27. శనివారం

మూసీ పొంగింది. జంట జలాశయాల గేట్లు ఎత్తారు. ఎంజీబీఎస్ బస్టాండులో నీళ్లు నిండాయి, ప్రయాణికులను రాత్రికి రాత్రి తాళ్లు పట్టించి దాటించారు. రోజంతా వార్తలే. ఆ తెర మీద మొదటిసారి అందరం కలిసి చూసింది ఇది కావడం బాగోలేదు. అత్తమ్మ ఊరెళ్లే బస్సు ఎక్కేది ఆ వైపు నుంచే, అందుకే ఏ ప్లాట్‌ఫామ్ మునిగిందని పదే పదే అడిగింది.

సెప్టెంబర్ 29. సోమవారం

నిన్న రాత్రి ఆసియా కప్ ఫైనల్. నాగార్జున వచ్చే రోజు కాబట్టి బిగ్ బాస్ పెట్టమని అత్తమ్మ, మ్యాచ్ అని మా ఆయన. పాకిస్తాన్ 146కి ఆలౌటయ్యాక ఇక ఇదెంతసేపు అని రిమోట్ ఇవ్వబోయాడు, ఇంతలో మనవాళ్లు 20 పరుగులకే మూడు పోగొట్టుకున్నారు. తిలక్ వర్మ నిలబడ్డాడు. హైదరాబాద్ పిల్లాడని చెప్పాక అత్తమ్మ బిగ్ బాస్ ఊసెత్తలేదు. 69 నాటౌట్. చివర్లో ఈయన కుర్చీ లాక్కుని గూటి ముందుకు వెళ్లిపోయాడు. "నాకు కనబడుతలేదు, జరుగు" అని దివాన్ మీది నుంచి కేక.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. వీటికి స్పీకర్లు కింది వైపు ఉంటాయి. అంత లోతు గూట్లో పెట్టేసరికి మాటలు లోపలే గుయ్‌మని తిరుగుతున్నాయి. అత్తమ్మ వాల్యూమ్ నలభైకి పెడితే పై అంతస్తు దాకా వినిపిస్తోంది. సౌండ్‌బార్ కొందామని మా ఆయన అప్పుడే ఫోన్‌లో ధరలు చూస్తున్నాడు. ఇవాళ పొద్దున టీవీని గూటి అంచుదాకా ముందుకు జరిపాను. వాల్యూమ్ ఇరవై ఆరుకు దిగింది. వెనక మిగిలిన జాగాలో అత్తమ్మ మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె సర్దుకుంది. సౌండ్‌బార్ మాట దీపావళిదాకా రాకపోవచ్చు.